గాలి దిక్కు మార్చిన పూట

తుఫానుల పాఠం వచ్చిందంటే సైన్సు టీచరుకు ఆ వారమంతా ముళ్ళమీద కూర్చున్నట్టే ఉండేది. పదిహేడేళ్ళుగా అదే బడి, అదే ఏడో తరగతి, గోడలకు అదే వెలిసిన నీలం రంగు. అయినా ఆ పాఠం రోజున ఆమె ఒకచోట నిలబడలేకపోయేది. బోర్డు దగ్గరనుంచి కిటికీకి, కిటికీనుంచి తలుపుకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే చెప్పేది. ఆమె వెంట మెడలు తిప్పీ తిప్పీ పిల్లలే అలసిపోయేవాళ్ళు.

ఈ ఏడు మరీ చిక్కొచ్చి పడింది. పాఠం మొదలుపెట్టిన సోమవారంనాడే రేడియోలో హెచ్చరికలూ మొదలయ్యాయి. సముద్రంలో అల్పపీడనం ముదిరి తుఫాను అయిందట, బుధవారం పొద్దున ఈ తీరాన్నే తాకవచ్చునట. పిల్లలకు తెలుసుకోవలసింది ఒక్కటే, బుధవారం సెలవా కాదా అని. ఆమె దానికి జవాబు చెప్పకుండా స్టాఫ్‌రూంలో ఉండే కెటిల్ తెచ్చి బల్లమీద పెట్టి నీళ్ళు మరిగించింది.

ఆవిరికి చెయ్యి అడ్డం పెడితే ఏమవుతుందని అడిగితే కాలుతుందని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. మరిగే నీళ్ళకంటే ఆవిరి ఎక్కువ ఎందుకు కాలుస్తుందో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు తన కడుపులో దాచుకున్న వేడినంతా బయటపెడుతుందని, తుఫాను బతికేది ఆ వేడిమీదేనని ఆమె చెప్పింది. సముద్రం ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీల వేడి ఉండాలి, అదీ పైపైన కాదు, యాభై మీటర్ల లోతుదాకా. అప్పుడు నీరు ఆవిరై లేస్తుంది, పైన చల్లబడి మబ్బవుతుంది, మబ్బయ్యేటప్పుడు వదిలిన వేడికి అక్కడి గాలి ఇంకా పైకి పోతుంది. కింద పీడనం పడిపోతుంది. ఆ వెలితి పూడ్చడానికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొస్తుంది, వస్తూ వస్తూ మరింత ఆవిరిని మోసుకొస్తుంది. పెట్టేకొద్దీ ఆకలి పెరిగే రకం. నేలమీదికి వచ్చాక వేడి సముద్రం కింద ఉండదు, తిండి దొరకదు, అందుకే నీరసించిపోతుంది.

తరువాత గ్లోబును గిర్రున తిప్పి, తిరుగుతూ ఉండగానే పైనుంచి కిందికి సుద్దతో తిన్నగా గీత గీయమంది. గీసినవాడి చెయ్యి తిన్నగానే దిగింది, గీత మాత్రం వంకరపోయింది. భూమి తిరుగుతోంది కాబట్టి తిన్నగా పరుగెత్తే గాలి కూడా అలాగే పక్కకు ఒరుగుతుందని, అందుకే అన్నివైపులనుంచీ వచ్చిన గాలి నడిమికి చేరలేక దానిచుట్టూ సుళ్ళు తిరుగుతుందని చెప్పింది. దీన్నే కొన్ని సముద్రాల దగ్గర హరికేన్ అంటారు, కొన్నిచోట్ల టైఫూన్ అంటారు. ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉన్నంతమాత్రాన మీరు ఇద్దరైపోతారా అంటే పిల్లలు నవ్వారు.

ఇక మిగిలింది నలభై రెండో పేజీలో బొమ్మ. తుఫానును ఆకాశంనుంచి చూస్తే ఎలా ఉంటుందో, దాని నడిమధ్య గాలి ఆడని కన్ను ఎక్కడుంటుందో చూపించే బొమ్మ. ఏటా చేసినట్టే ఆమె దాన్ని ఇంట్లో చూసుకోమని చెప్పి పుస్తకం మూసేసింది.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ పిల్లకు టీచర్లందరూ కలిసి పెట్టిన పేరు సందేహం. ఆమె చెయ్యెత్తిందంటే ఆ రోజు టీ చల్లారిపోయినట్టేనని స్టాఫ్‌రూంలో అనుకునేవారు.

"టీచర్, భూమధ్యరేఖ దగ్గర సముద్రం ఇంకా వేడిగా ఉంటుంది కదా. మరి తుఫానులు అక్కడెందుకు పుట్టవు?"

పదిహేడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. భూమి తిరగడం వల్లేనని ఆమెకు తెలుసు. అదెలాగో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పబోతే మాట కుదరలేదు. రేపు చెబుతానంది. అలా అన్నందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

సాయంత్రం ఇంట్లో ఉన్న నాలుగు పుస్తకాలూ తిరగేసింది. లెక్కలున్నాయి తప్ప మాటలు లేవు. మాటల్లో చెప్పగల మనిషి ఒక్కడే ఉన్నాడు. రెండువందల కిలోమీటర్ల అవతల వాతావరణ కేంద్రంలో పనిచేసే అన్నయ్య. ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది. గిన్నెలు తోమింది. మళ్ళీ తీసుకుంది.

అన్నాచెల్లెళ్ళ మధ్య పోట్లాట ఏమీ లేదు. పెళ్ళికీ చావుకీ కలుసుకునేవాళ్ళు, బాగున్నావా అంటే బాగున్నాను అనుకునేవాళ్ళు. అంతకుమించి ముప్ఫై ఏళ్ళుగా మాట పెగలలేదు.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు వాళ్ళుండే రేవును తుఫాను పట్టుకుంది. పొద్దుటినుంచి గాలి ఇల్లు పీకేస్తున్నంత పని చేసి, మధ్యాహ్నం టక్కున ఆగిపోయింది. ఎండ కాసింది. పద్దెనిమిదేళ్ళ అన్నయ్య తలుపు తీసి ఆకాశం చూసి, అయిపోయింది నాన్నా, దాటిపోయింది అన్నాడు. తండ్రి భుజాన మోకు వేసుకుని పడవ చూసుకోవడానికి వెళ్ళాడు. అరగంటకు గాలి తిరిగొచ్చింది, ఈసారి అవతలి దిక్కునుంచి. తండ్రి తిరిగిరాలేదు. ఇంటినిండా బంధువులు కూర్చున్నరోజున, ఎలా జరిగిందని ఎవరో అడిగితే, అన్నయ్యే పొమ్మన్నాడని ఆమె చెప్పింది. గదిలో అందరూ అతనివైపు చూశారు. కాదని అతను అనలేదు, ఆరోజూ ఆ తరువాతా. పై చదువుకు వెళ్ళి గాలీ వానల చదువే చదివాడు, ఆ ఉద్యోగమే చేశాడు. ఆమె సైన్సు టీచరైంది. నలభై రెండో పేజీ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

అన్నయ్య ఒక్క రింగుకే ఎత్తాడు. తుఫాను రోజులు కదా, ఫోను పక్కనే పెట్టుకుని ఉన్నాడు. పిల్ల అడిగిన ప్రశ్న చెబితే కాసేపు నవ్వాడు.

"నువ్వు ధ్రువంమీద నిలబడ్డావనుకో," అన్నాడు. "భూమి ఒక చుట్టు తిరిగేసరికి నువ్వూ ఉన్నచోటే బొంగరంలా ఒక చుట్టు తిరుగుతావు. అదే భూమధ్యరేఖమీద నిలబడితే నిన్ను మోసుకుపోతుందంతే, ఉన్నచోట తిప్పదు. గాలికైనా అంతే. అక్కడ వేడి ఉంది, ఆవిరి ఉంది, తిప్పే చెయ్యి లేదు. కాస్త ఎడంగా పోతేనే ఆ చెయ్యి దొరుకుతుంది."

ఇంత తేలికా అనుకుంది ఆమె. అతను ఇంకా పెట్టెయ్యలేదు. జనాన్ని మీ బడిలోకే తెస్తారా అని అడిగాడు. అవునంది. గొంతు కాస్త తగ్గించి, "కన్ను మీ ఊరిమీదుగానే పోయేలా ఉంది. అది వచ్చినప్పుడు..." అన్నాడు.

"తెలుసు. పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియదా?" అని ఫోను పెట్టేసింది. తరువాత గదిలో ఉన్న కుర్చీని కిటికీ దగ్గరికి జరిపింది. మళ్ళీ తీసుకొచ్చి ఎక్కడిదక్కడ పెట్టింది.

మంగళవారం బడికి పిల్లలు కాదు, ఊరు వచ్చింది. రేవు వీధుల్లో పల్లంలో ఉన్న ఇళ్ళన్నీ ఖాళీ చేయించారు. గాలికంటే దాని వెనక వచ్చే ఉప్పెనకే ఎక్కువ భయపడాలని, తుఫాను సముద్రాన్ని ముందుకు నెట్టుకొస్తుందని మైకులో చెప్పిందే చెప్పారు. నూట నలభై మంది చాపలూ దుప్పట్లూ నీళ్ళ క్యాన్లూ పట్టుకుని మెట్లెక్కారు. సందేహం వాళ్ళ నాన్న లాంచీ డ్రైవరు, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. తాడుచుట్టలు తెచ్చి తలుపులన్నీ బిగించి కట్టాడు. వీధిచివర దర్జీ మాత్రం చేతులూపుకుంటూ వచ్చాడు. కుట్టుమిషను ఇంట్లో వదిలి రావలసి వచ్చిందని అందరికీ చెప్పుకుని బాధపడుతున్నాడు.

బడి రెండు వరసల భవనం. ఉత్తరాన నాలుగు గదులు, దక్షిణాన నాలుగు గదులు, నడుమ చీకటిగా ఉండే నడవ. గాలి ముందు ఉత్తరంనుంచి వస్తుందని సైన్సు టీచరే హెడ్మాస్టరుకు చెప్పింది. ఆయన వెంటనే జనాన్నంతా దక్షిణపు గదుల్లోకి సర్ది, ఉత్తరపు గదులకు తాళాలు వేసి, తాళంచేతుల గుత్తి నడుముకు కట్టుకున్నాడు. నడక నడకకీ ఆ గుత్తి గలగలమనేది. ఆయన ఎక్కడున్నాడో అడగవలసిన పని లేకపోయింది.

బుధవారం తెల్లవారేసరికి గాలి వచ్చేసింది. మొదట ఈలలా ఉంది. తరువాత లారీ గేరు మార్చినట్టు మార్చుకుంటూ పైకి పోయింది. ఉత్తరపు గదుల్లో అద్దాలు ఒకటొకటిగా పగులుతుంటే ప్రతి చప్పుడుకీ నడవ ఇవతల ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. తలుపుల సందుల్లోంచి నీళ్ళు పాముల్లా పాకి వచ్చాయి. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి పడుకున్నారు. పెద్దవాళ్ళు ఏడవలేక కూర్చున్నారు.

టీచరు కూర్చోలేదు. నడవలో లేబరేటరీ గోడకున్న పాత బారోమీటరును పది నిమిషాలకోసారి వెళ్ళి చూస్తోంది. ముల్లు పడిపోతూనే ఉంది. అది పడిపోతున్నంతసేపూ తుఫాను నడిమి భాగం దగ్గరికి వస్తున్నట్టేనని ఆమెకు తెలుసు. తెలిసీ చేసేదేమీ లేక మళ్ళీ గదిలోకి వచ్చి ఎవరి దుప్పటో సర్దేది, ఎవరికో నీళ్ళు పోసేది, మళ్ళీ వెళ్ళి ముల్లు చూసేది. కాస్త కూర్చోండమ్మా, మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి అని దర్జీ బతిమాలాడు.

పదకొండు దాటాక ఆమె బారోమీటరు ముందు నిలబడి ఉండగా చప్పుడు తగ్గింది. రెండు మూడు నిమిషాల్లో అసలే లేకుండా పోయింది. చెవుల్లో గింగురుమంటున్న నిశ్శబ్దం. నడవ చివరి తలుపు సందులోంచి పసుపు పచ్చని ఎండ గీతలా వచ్చి తడినేలమీద పడింది.

ఎవరో తాడు విప్పి తలుపు తీశారు. ఆ గుంపులో ఆమె కూడా బయటికి నడిచింది. ఎందుకు నడిచిందో అడిగితే చెప్పలేకపోయేది.

ఆవరణంతా కొమ్మలూ రేకులూ పడి ఉన్నాయి. తలెత్తితే కడిగినట్టున్న నీలి ఆకాశం. దానిచుట్టూ దూరంగా, తెల్లటి మబ్బు గోడలా లేచి నిలబడి ఉంది. ఎక్కడో సముద్రంమీద చిక్కుకుని ఇంతదూరం వచ్చిన పక్షులు ప్రహరీమీద వరసగా కూర్చుని ఉన్నాయి, మనుషులు దగ్గరికి వెళ్ళినా ఎగిరే ఓపిక లేదు వాటికి. గాలి ఆడడం లేదు, ఉక్కగా ఉంది. ఎండ మొహంమీద పడేసరికి రెండు రోజులనుంచి బిగుసుకుపోయిన ఆమె మెడ, భుజాలు, దవడ అన్నీ ఒక్కసారి వదులయ్యాయి. అయిపోయింది, అనుకుంది. దాటిపోయింది. అనుకోవడం కాదు, ఆ మాట పెదవులమీదికి వచ్చేసింది కూడా.

పక్కన ఆడవాళ్ళు నవ్వుతున్నారు. నలుగురైదుగురు మగవాళ్ళు గేటు దాటి ఇళ్ళవైపు వెళ్ళిపోతున్నారు. దర్జీ అందరికంటే ముందు.

"టీచర్."

సందేహం సైన్సు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడి ఉంది. నలభై రెండో పేజీ తెరిచి ఉంది. ఇంట్లో చూసుకోమన్న బొమ్మ ఇంట్లో చూసే తీరిక దొరకక, ఆ పిల్ల దాన్ని తుఫానులోకి తెచ్చుకుంది.

"మనం ఇప్పుడు ఈ మధ్యలో ఉన్నాం కదా," అని వేలు పెట్టి చూపించింది. "ఇటుపక్క బాణాలు కిందికి పోతున్నాయి. అటుపక్క బాణాలు పైకి వస్తున్నాయి. అంటే ఇప్పుడు గాలి దక్షిణంనుంచి కదా వస్తుంది. మరి మనమంతా దక్షిణపు గదుల్లో ఉన్నాం."

టీచరు బొమ్మ చూసింది. ముప్ఫై ఏళ్ళుగా తెలిసిన సంగతి, పదిహేడేళ్ళుగా బడిలో చెప్పవలసిన సంగతి. కాస్త ఎండ తగిలేసరికి తనకే గుర్తు లేకపోయింది.

ఆమె పరుగెత్తింది. హెడ్మాస్టరు మెట్లమీద నిలబడి ఎండలో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. జనాన్నంతా ఉత్తరపు గదుల్లోకి మార్చాలని చెబితే ఆయన నమ్మలేనట్టు చూశాడు. ఆ గదుల్లో మడమలోతు నీళ్ళు, గాజుపెంకులు, పసిపిల్లల్ని అక్కడ ఎలా కూర్చోబెడతామన్నాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. ఆమె ఆయన కళ్ళముందు తడినేలమీద వేలితో ఒక సున్నా గీసింది, దానిచుట్టూ బాణాలు వేసింది, నడుమ చుక్క పెట్టి ఇది మన బడి అంది. మాటలు తొందరలో ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

లాంచీ డ్రైవరు అక్కడే ఉన్నాడు. కూతురు పుస్తకం, టీచరు గీసిన సున్నా రెండూ చూశాడు.

"ఎందుకో నాకు తెలియదు గానీ సార్, సముద్రంమీద మా పెద్దవాళ్ళు చెప్పేది ఇదే," అన్నాడు. "గాలి ఆగి ఎండ కాస్తే లంగరు రెండోవైపు వెయ్యమనేవాళ్ళు."

హెడ్మాస్టరు నడుమునుంచి గుత్తి విప్పి ఇచ్చాడు.

తరువాత జరిగిందంతా ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. చీపుళ్ళతో గాజుపెంకులు ఒక మూలకు ఊడ్చారు. బెంచీలు కలిపి వేసి పిల్లల్నీ ముసలివాళ్ళనీ వాటిమీదికి ఎక్కించారు. ఎండిన చోటు వదిలి తడిలోకి రావడానికి జనం ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఒకావిడ, ఇప్పుడే బట్టలారాయి, చంపినా రానంది. టీచరు ఆవిడ పసిబిడ్డను ఎత్తుకుని నడిచింది, ఆవిడ తిట్టుకుంటూ వెనకాలే వచ్చింది. లాంచీ డ్రైవరు వీధిలోకి పరుగెత్తి, వెళ్ళినవాళ్ళని పేరుపేరునా కేకేసి వెనక్కి తోలుకొచ్చాడు. అందరూ వచ్చారు, దర్జీ తప్ప.

గేటు దగ్గర నిలబడి చూస్తే సముద్రంవైపు మబ్బు గోడ దగ్గరికి వచ్చేసింది. దాని అడుగున నల్లగా ఉంది. దూరంనుంచి రైలు వస్తున్నట్టు చప్పుడు. ప్రహరీమీది పక్షులు కదలకుండా ముడుచుకున్నాయి. లాంచీ డ్రైవరు మళ్ళీ వెళ్ళబోతుంటే టీచరు అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. మా నాన్న ఇలాగే వెళ్ళారు."

అతను ఆమె మొహం చూసి ఆగిపోయాడు. అప్పుడే వీధి మలుపులో దర్జీ కనిపించాడు. కుట్టుమిషను పైభాగం భుజంమీద పెట్టుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలో ఒగురుస్తూ వస్తున్నాడు. పారేసి పరుగెత్తమని ఇద్దరూ అరిచారు. పారెయ్యలేదు. గేటుకి పది అడుగుల దూరంలో మొదటి గాలి అతన్ని వెనకనుంచి తోసింది. మనిషి బోర్లాపడ్డాడు, మోకాలు చీరుకుపోయింది. లాంచీ డ్రైవరు మనిషిని ఒక చేత్తో, మిషనును ఒక చేత్తో ఈడ్చుకొచ్చి లోపల పడేశాడు. తలుపు మూసి తాడు బిగించడానికి ఆరుగురు పట్టారు.

రెండో గాలి మొదటిదానికంటే గట్టిది. పావుగంట గడవకముందే దక్షిణపు గదుల కిటికీలు చెక్కలతో సహా ఊడి లోపలికి వచ్చాయి. ఆ వైపు వరండా కప్పు మొత్తం లేచిపోయింది, మధ్యనున్న గదుల్లో ఒకదాని గోడ కూలి పడింది. తెల్లవారుజామునుంచి అరవై మంది తలదాచుకున్న గది అది. ఆ చప్పుడు విన్నాక తడి గురించి ఎవరూ మాట్లాడలేదు. బట్టలారాయన్న ఆవిడ బిడ్డను గట్టిగా కరుచుకుని టీచరుకు ఆనుకుని కూర్చుంది. హెడ్మాస్టరు చల్లటి నీళ్ళలో మఠం వేసుకుని కూర్చుని, ఒక్కో తల లెక్కపెట్టి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ఉప్పెన నీరు బడిమెట్లలో నాలుగోదాకా వచ్చి ఆగింది. సాయంత్రానికి గాలి పలచబడి మామూలు వాన మిగిలింది.

నూట నలభై మందీ ఉన్నారు.

ఫోను లైను బాగుపడేసరికి శనివారమైంది. అదీ పోస్టాఫీసులో ఒక్కటే. దానికోసం వీధి పొడుగునా మనుషులు నిలబడ్డారు. టీచరు వంతు వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఏం చెప్పాలో వరసగా పేర్చుకుంది. అన్నయ్య గొంతు వినగానే పేర్చుకున్నదంతా పోయింది. క్షేమమే అంది, ఎవరికీ ఏమీ కాలేదంది, బడి సగం పోయిందంది. అతను ఊఁ కొడుతూ విన్నాడు.

"అన్నయ్యా, కన్ను వచ్చినప్పుడు నేనూ బయటికి వెళ్ళాను," అంది. "ఎండ కాసింది. అయిపోయిందనుకున్నాను. ఇంత తెలిసినదాన్ని నాకే అలా అనిపించింది."

ఆమె ఫోనును రెండో చెవికి మార్చుకుంది.

"ఆరోజు అందరిముందూ నీమీద అలా చెప్పాను," అంది మళ్ళీ.

"నీకు పదకొండేళ్ళు," అన్నాడు.

"నీకు పద్దెనిమిదేగా."

ఆమె వెనక నిలబడ్డ మనిషి గోడవైపు తిరిగి గోడమీది తపాలా కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. ఇంటికప్పు ఉందా అని అన్నయ్య అడిగాడు. వంటగదిమీద ఉంది, అంది. బస్సులు వంతెనదాకా నడుస్తున్నాయట, రేపు పొద్దున మొదటి బస్సుకు టార్పాలిన్ తీసుకొస్తానన్నాడు. వంతెన దగ్గరికి తను వస్తానంది.

ఆదివారం పొద్దున బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. ఆ గంటసేపూ ఆమె వంతెనమీద ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తూనే ఉంది. దిగినవాళ్ళలో అన్నయ్యను పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది, జుట్టు అంతా నెరిసిపోయింది. నీలం టార్పాలిన్ చుట్ట ఒక మనిషంత బరువుగా ఉంది. ఆమె వంగి ఒక కొస ఎత్తింది, అతను రెండో కొస ఎత్తాడు. బురద దారిలో ఒకరి అడుగు చూసుకుని ఒకరు అడుగు వేస్తూ ఊళ్ళోకి నడిచారు.